స్కానరుకు నూట ఎనిమిది పెట్టినవాడి మనవి

కాడుగోడి, బెంగళూరు,
18-11-2025, మంగళవారం.

శ్రీమతి సత్యభామ గారికి,
ఫిర్యాదుల విచారణాధికారి,
ప్రాంతీయ కార్యాలయం, మహదేవపుర.

అయ్యా,

తమరు ఆడవారని తెలిసీ 'అయ్యా' అని మొదలుపెట్టినందుకు మన్నించాలి. కాడుగోడి సంత వీధిలో బల్ల వేసుకుని పదిహేడేళ్ళు జనానికి అర్జీలు రాసిన చెయ్యి ఇది. 'అయ్యా' పడనిదే పెన్ను ముందుకు పోదు. పోయిన ఏడాది తమరు మా శాఖకు వచ్చినప్పుడు, "ఇంగ్లీషులో అరకొరగా రాసి నన్ను ఏడిపించకండి, తెలుగు వచ్చినవాళ్ళు తెలుగులోనే రాయండి, నాది హిందూపురం" అని అందరి ముందూ చెప్పినారు. ఆ మాట పట్టుకుని ఇది తెలుగులో రాస్తున్నాను.

విషయం: కుందలహళ్ళి శాఖ రికార్డుల గదిలోని స్కానరుకు నెట్‌వర్క్ అడ్రసు తప్పుగా అమర్చబడుట, ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని శుభ్రత పనిమనిషి శ్రీమతి పాపక్క పేరు మీద "యంత్రాలకు హాని చేసినది" అను మాట ఈ నెల 21వ తేదీ శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ఎక్కించబోవుట, దానిని వెంటనే ఆపవలెనని ప్రార్థన.

సూచిక: శాఖ మేనేజరు శ్రీ మోహన్‌కుమార్ గారి మెమో, తేదీ 10-11-2025.

1. అర్జీదారుడనగు నేను, కె. వెంకటగిరియప్ప, వయస్సు 53, తమ కుందలహళ్ళి శాఖ రికార్డుల గదిలో ఆరేళ్ళుగా సహాయకుడిగా పని చేయుచున్నాను. మన పని తమరికి తెలియనిది కాదు. చుట్టుపక్కల టెక్ పార్కుల కంపెనీలు కొత్తగా చేర్చుకునేవాళ్ళ మార్కుల జాబితాలు, పాత ఉద్యోగాల కాగితాలు మనకు పంపుతాయి. మనం వాటిని స్కాన్ చేసి, నిజమో కాదో విచారించి రాసి పంపుతాం. మనం రాసిన ఒక్క మాటతో ఒక మనిషి లోపలికి పోతాడు, లేదా గేటు బయటే నిలబడిపోతాడు. కావున ఒక మనిషి పేరు పక్కన తప్పు మాట పడితే ఏమవుతుందో మన ఆఫీసువాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కరలేదని మనవి.

2. సదరు పాపక్క చింతామణి వైపు మనిషి. మా కాడుగోడిలోనే స్టేషన్ వెనక ఒక గదిలో ఉంటుంది. ఒంటరిది. వయస్సు ఆమెకే సరిగా తెలియదు, యాభై దాటి ఉంటుంది. మన శాఖను తొమ్మిదేళ్ళుగా ఊడ్చి తుడుస్తున్నది. పొద్దున ఆరున్నరకల్లా వచ్చి ముందు తలుపు తీసేది ఆమే. ఆమెను పనిలో పెట్టింది ఒక ఏజెన్సీ. ఆ ఏజెన్సీ యాప్‌లో ప్రతి పనిమనిషి పేరు పక్కనా ఒక గడి ఉంటుంది. అందులో "యంత్రాలకు హాని" అని ఒకసారి పడిందంటే, మహదేవపుర నుంచి కాడుగోడి దాకా ఏ ఆఫీసు గేటూ ఆమెను లోపలికి రానివ్వదు. పడింది చెరపడానికి వీలు లేదని ఏజెన్సీవాళ్ళే చెప్పినారు. శుక్రవారం ఐదింటికి ఆ గడి నిండుతుంది. ఈ రోజు మంగళవారం.

3. ఇక స్కానరు. ఆయుధ పూజ అయిన మరుసటి వారం నుంచి దానికి జబ్బు పట్టుకున్నది. లైటు వెలుగుతుంది, కాగితం లాక్కుంటుంది, అంతా బాగానే ఉంటుంది. కాని కంప్యూటరులో 'స్కాన్' నొక్కితే "స్కానరు కనబడుటలేదు" అని వస్తుంది. ఎదురుగా రెండడుగుల దూరంలో కొండలాగ కూర్చుని ఉంటే కనబడకపోవడమేమిటి? తీగ పీకి పెట్టాము. ఆపి వేశాము. దాని మీద చెయ్యి వేసి బతిమాలాను కూడా. ఒక్కొక్క రోజు పొద్దుట నుంచి సాయంత్రం దాకా నోరు తెరవదు. ఇంకొక రోజు ఏమీ జరగనట్టు చకచకా పని చేస్తుంది. చెడ్డ రోజుల్లో కాగితాలన్నీ పెన్‌డ్రైవులో దింపుకుని, ఆ పెన్‌డ్రైవు చేత్తో మోసుకుని ఒక్కొక్క కంప్యూటరుకూ తిరిగినాను. నాలుగు వందల కాగితాల పని నూట యాభైకి పడిపోయింది. ఒక పెద్ద కంపెనీకి పోవలసిన ముప్పై మంది కాగితాలు ఆలస్యమైనాయి. వాళ్ళు మేనేజరు గారిని ఫోనులో ఎన్ని మాటలన్నారో తలుపు బయట నిలబడిన నాకే వినపడింది.

4. ఏ రోజు బాగుంది, ఏ రోజు చచ్చింది అని నేను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టేవాడిని. రాసిపెట్టడం నా పాత రోగం. నవంబరు 10వ తేదీన మేనేజరు గారు ఆ పుస్తకం అడిగి తీసుకుని, హాజరు పట్టీ పక్కన పెట్టి చూసినారు. చూసి నన్ను లోపలికి పిలిచినారు.

"గిరియప్పా, ఇలా రా. స్కానరు సరిగా పని చేసిన రోజులు ఆరు. ఆ ఆరు రోజులూ పాపక్క రజా, పనికి రాలేదు. పాపక్క వచ్చిన ప్రతి రోజూ స్కానరు డెడ్. ఇంకేం కావాలి నీకు?"

నేను వేలు పెట్టి ఒక్కొక్క తేదీ సరిచూశాను. నిజమే. ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆరేళ్ళుగా రోజూ "తిన్నావా అన్నా?" అని పలకరించే మనిషి ఆ మిషనుకు ఏం చేస్తున్నదోనని ఒక నిమిషం నేనూ అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అనుకున్నాను.

5. ఆ రోజే మెమో తయారైంది. తుడుపు కర్రతో నెట్‌వర్క్ తీగను పదే పదే కదిలించి యంత్రాన్ని పాడు చేసినది గనుక పాపక్కను 13వ తేదీ నుంచి పనిలోకి రాకుండా ఆపడమైనదని, ఆ మాటనే ఏజెన్సీకి తెలియజేయడమవుతుందని, అభ్యంతరముంటే 21వ తేదీ సాయంత్రం 5 లోపల రాతమూలకంగా తెలపాలని అందులో ఉన్నది. ఆమెను పిలిచి ఒక్క మాట అడగలేదు. మెమో ఇంగ్లీషులో ఉన్నది. పాపక్కకు ఏ భాషా చదవను రాదు. అడుగున "ప్రత్యక్ష సాక్షి" అని ఒక సంతకం ఉన్నది. ఆ సాక్షి సంగతి దాని చోట మనవి చేసుకుంటాను. ఇప్పుడే రాయడానికి చెయ్యి రావడం లేదు.

6. ఈ తప్పు ఎక్కడ పుట్టిందో ఇక్కడ చెప్పవలసి ఉన్నది. కొంచెం ఓపిక పట్టి చదవాలి. నాకే ఇది అర్థమవడానికి ముందు ఒక ఫోను, తరువాత రెండు గంటలు పట్టినాయి.

మన ఆఫీసులో రౌటరు అని ఒక చిన్న పెట్టె ఉన్నది. కంప్యూటర్లు, ఫోన్లు, ఏవి తగిలించినా అది ఒక్కొక్కదానికి ఒక నంబరు ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రసు అంటారు. కంప్యూటర్లు స్కానరును ఆ నంబరుతోనే పిలుస్తాయి. ముందు మన స్కానరుకు కూడా రౌటరే నంబరు ఇచ్చేది. కాని ఆపి వేసినప్పుడల్లా నంబరు మారిపోయి, కంప్యూటర్లు పాత నంబరునే పిలుస్తూ కూర్చునేవి. నెట్‌వర్క్ పని చూసే కౌశల్, తమ మహదేవపుర ఆఫీసులోని వరంగల్ అబ్బాయి, పెళ్ళికి రజా పెట్టి ఊరికి పోతూ నాకు ఫోనులో చెప్పినాడు.

"అన్నా, స్కానర్‌కి ఫిక్స్‌డ్ నంబర్ పెట్టేయ్. మొదటి మూడు ముక్కలు అట్లనే ఉంచు, 192, 168, 1. చివరిది రెండు వందల పైన ఏదన్న పెట్టు. రెండు వందల పది పెట్టు. వందకీ రెండు వందలకీ నడుమ మాత్రం పెట్టకు, అవి రౌటర్ పంచుకుంటది."

నేను దాన్ని పూజ సామాన్ల చీటీ వెనక రాసుకున్నాను. తేదీ సెప్టెంబరు 30. మరునాడే ఆయుధ పూజ.

7. పూజ నాడు మన ఆఫీసులో ఎలా జరుగుతుందో తమరు ఎరుగుదురు. తీగలన్నీ పీకి, యంత్రాలన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, వరుసగా నిలబెట్టి గుమ్మడికాయ కొడతాం. ప్రింటరు దగ్గర నుంచి స్టేప్లరు దాకా దేనినీ విడిచిపెట్టం. స్కానరు నా చేతి యంత్రం గనుక దానికి నేనే బొట్టు పెట్టాను, నేనే అరటి పిలకలు కట్టాను. పూజ అయ్యాక అందరూ చుట్టూ నిలబడి ఉండగా దాని చిన్న తెరలో అడ్రసు మార్చడానికి కూర్చున్నాను. చీటీ చూశాను. రెండు వందల పది. ఆ అంకెకు ముందూ వెనకా ఏముంది? ఒక దేవుడికి చెందిందా, ఒక మంత్రానికి చెందిందా? పండగ పూట, కొబ్బరికాయ నీళ్ళు ఇంకా ఆరని యంత్రానికి, ఇంత పొడి నంబరా అనిపించింది.

నూట ఎనిమిది పెట్టాను.

"అష్టోత్తరం సార్" అన్నాను మేనేజరు గారితో. ఆయన "సూపర్ గిరియప్పా!" అని చప్పట్లు కొట్టినారు. నా భుజాన శాలువా వేసి ఫోటో తీయించి ఆఫీసు గుంపులో పెట్టినారు. 'మన గిరియప్ప స్వయంగా నెట్‌వర్క్ సెట్ చేసెను' అని కింద రాసినారు. అరవై నాలుగు మంది బొటనవేలు చూపించినారు. నా జన్మలో నాకు శాలువా పడింది ఆ ఒక్కసారే. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పాపక్కే.

8. అక్టోబరు 6న ముందు హాలు తలుపు పక్కన కొత్తగా వేలిముద్రల హాజరు మిషను పెట్టినారు. అది నంబరు అడిగినప్పుడు రౌటరు తన వరుసలో ఖాళీగా కనబడిన నంబరు ఇచ్చింది. ఆ వేళకు నా స్కానరు ఆపి ఉన్నది. ఖాళీగా కనబడింది నూట ఎనిమిది.

పోయిన బుధవారం, 12వ తేదీన, రజా నుంచి తిరిగి వచ్చిన కౌశల్‌కు ఫోను చేస్తే అతను మహదేవపురలో కూర్చుని తన కంప్యూటరులో చూసి గట్టిగా నవ్వినాడు.

"అన్నా, ఒక్క అడ్రస్ మీద రెండు డివైసులున్నయి! నూట ఎనిమిది ఎవరు పెట్టిన్రు?"

నేను ఫోను ఇంకొక చెవికి మార్చుకున్నాను.

"ఏది ముందు లేస్తే అదే ఆ నంబర్ పట్టుకుంటది అన్నా. తర్వాత లేచింది నోరు మూసుకుంటది. మంచి మిషనైతే ఇంకో నంబర్ అడుక్కునేది. ఆ తలుపు కాడిది అగ్గువ మిషను, దానికంత తెలివి లేదు."

ఫోను పెట్టేశాక నా నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది అయ్యా. పక్క బిల్డింగులో మంటలు లేచినప్పటి నుంచి మన ఆఫీసులో రాత్రి అన్ని స్విచ్చులూ ఆపి పోవడం నియమం. పాపక్క పొద్దున్నే ముందు తలుపున వచ్చి ముందు హాలు బోర్డు వేస్తుంది. హాజరు మిషను లేచి నూట ఎనిమిది పట్టుకుంటుంది. నేను ఎనిమిదీ ముప్పావుకు వచ్చి స్కానరు వేస్తే దానికి చోటు లేదు. పాపక్క రజా ఉన్న రోజు తాళాలు నా దగ్గర ఉంటాయి. నేను వెనక మెట్ల మీదుగా వస్తాను, అది నాకు దగ్గర. ముందు రికార్డుల గది బోర్డు వేసి, స్కానరుకు అగరబత్తి చూపించి, బోణీ కాగితం ఒకటి పెట్టి, ఆ తరువాతే ముందు హాలుకు పోతాను. ఆ రోజు స్కానరు ముందు లేస్తుంది. హాజరు మిషను వేలిముద్రలు తనలోనే దాచుకుని, వీలైన రోజు పంపుతుంది గనుక దాని సంగతి ఎవరికీ తెలియలేదు.

పాపక్క చేసిన నేరం ఏమిటంటే, అందరికంటే ముందు పనికి రావడం.

9. ఇప్పుడు సాక్షి సంగతి.

ఆ సంతకం నాది.

10వ తేదీన మేనేజరు గారు మెమో కాగితం నా వైపు తిప్పి, "ఆ గదిలో ఉండేది నువ్వే కదా. తుడుపు కర్ర తీగకు తగలడం చూసే ఉంటావు" అన్నారు. నేను చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. పాపక్క స్కానరు దగ్గర తడి గుడ్డ కూడా తేదు, పొడి గుడ్డతో తుడిచి పోతుంది. కాని ఆయన బల్ల మీద ఆ కాగితం పక్కనే ఇంకొక ఫైలు ఉన్నది. నన్ను పర్మనెంటు చేసే ఫైలు. ఆరేళ్ళుగా నేను ఎదురు చూసిన ఫైలు. ఆయన దాన్ని తెరవలేదు, దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నారు, అంతే. నేను "తగిలి ఉండవచ్చును సార్" అన్నాను. "ఉండవచ్చును కాదు, సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను.

అప్పటికి నాకు నూట ఎనిమిది సంగతి తెలియదు. అయినా నా లోపల ఏదో ఒక మూల చీటీ వెనక రాసుకున్న మాట మెదిలింది. పాపక్క కాకపోతే ఇంకెవరు అని వెతికితే చివరికి నా శాలువా దగ్గరికే వస్తారేమోనని భయపడ్డాను. పదిహేడేళ్ళు ఎందరి అర్జీల్లోనో "అబద్ధపు సాక్ష్యం చెప్పించి" అని రాసినవాడిని. ఆ మాటకు మనిషి ఎలా ఉంటాడో ఆ రోజు అద్దంలో చూసుకున్నాను.

10. 12వ తేదీన అసలు సంగతి తెలిసిన తరువాత కూడా నేను నోరు తెరవలేదు. ఎవరికీ చెప్పకుండా స్కానరులోనూ, దాన్ని పిలిచే కంప్యూటర్లలోనూ నంబరు రెండు వందల పదికి మార్చేశాను. అంతటితో పీడ విరగడవుతుందనుకున్నాను. మర్నాటి నుంచి స్కానరూ హాజరు మిషనూ రెండూ చక్కగా పని చేసినాయి. దాంతో ఏమైంది? మేనేజరు గారు శుక్రవారం అందరినీ హాలులో నిలబెట్టి, "చూసినారా, పాపక్క పోయింది, స్కానరు బాగుపడింది. ఇంకా ఎవరికైనా డౌటుందా?" అన్నారు. నేను బాగు చేసిన పనే ఆమె నేరానికి రుజువైపోయింది. నిజం చెప్పవలసింది అప్పుడే. నేను పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

11. మొన్న ఆదివారం మధ్యాహ్నం పాపక్క మా ఇంటికి వచ్చింది. చేతిలో ఆ మెమో. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి తెచ్చింది. మా గడప దగ్గరే కూర్చుంది.

"గిరియన్నా, ఇందులో ఏముండాదో చదివి చెప్పప్పా. గేటు కాడ ఇచ్చి పొమ్మన్నారు."

చదివి తెలుగులో చెప్పాను.

"అది సుళ్ళన్నా, అబద్ధం! నేను వైరు ముట్టనే లేదు. ఆ మిషనుకు నువ్వు బొట్టు పెట్టినావని దాని పక్కకు చీపురు కూడా పోనియ్యను నేను. నువ్వు చూస్తానే ఉంటావు కదా?"

"ఊఁ" అన్నాను.

"అంతేనా? ఇంకేమీ లేదా దాంట్లో? కింద ఏదో గీకినట్టుండాది."

అడుగున ఉన్నది నా సంతకం. ఆమె వేలు సరిగ్గా దాని మీదే ఉన్నది.

"ఆఫీసు సంతకం" అన్నాను.

ఆమె మడత పెట్టుకుని నా వైపు చూసింది. "నువ్వు మంచిగా అర్జీలు రాస్తావంట కదన్నా, సంత వీధిలో అందరూ చెప్తారు. నాకొకటి రాసియ్యి. నా మీద ఈ మాట చెప్పినోడు ఎవుడో వాడిని పిలిపించి, నా ఎదురుగా చెప్పమను. అంతే నేను అడిగేది. పని ఇచ్చినా సరే, ఇయ్యకపోయినా సరే."

సరేనన్నాను. తమరు చదువుతున్న ఈ కాగితం ఆ విధంగా మొదలైంది. ముందు ఆమె పేరుతోనే మొదలుపెట్టాను. "అర్జీదారురాలగు నేను" అని రాసి, తరువాత "నా మీద అబద్ధపు సాక్ష్యం చెప్పిన" అని రాసి, ఆ పక్కన పేరు రాయవలసి వచ్చేసరికి చింపేశాను. రెండోసారీ అంతే. మూడోసారి నా పేరుతో మొదలుపెట్టాను.

12. నిన్న సోమవారం పొద్దున ఏడు గంటలకు ఆఫీసుకు పోయి, కాపలా లింగన్నను పక్కన నిలబెట్టుకుని పరీక్ష చేశాను. స్కానరులోనూ నా కంప్యూటరులోనూ మళ్ళీ నూట ఎనిమిది పెట్టాను. ముందు హాలు బోర్డు ముందు వేస్తే స్కానరు కనబడలేదు. రెండూ ఆపి, రికార్డుల గది బోర్డు ముందు వేస్తే కనబడింది. ఒక్కొక్కటి మూడుసార్లు చేశాను. ఆరుసార్లకూ ఆరుసార్లూ తేడా రాలేదు. ఆ వేళ పాపక్క తన గదిలో ఉన్నది, తుడుపు కర్ర మూలన ఉన్నది. లింగన్న, "అయ్యో, ఈ పాటి దానికా ఆ యమ్మను తరిమేసినారు!" అని, గడియారం చూసి టైములు వేసి కన్నడలో సంతకం పెట్టినాడు. ఆ తరువాత రెండు వందల పదికి మార్చి పెట్టాను.

ఇది మేనేజరు గారికి చెప్పాను. ఆయన లింగన్న కాగితం తీసుకుని చూసి, తిరిగి నా చేతిలో పెట్టినారు. ఆయన మీద కూడా పై నుంచి ఒత్తిడి ఉందని నాకు తెలుసు, ఆయనను చెడ్డవాడని రాయడం లేదు. చివరికి, "ఇప్పుడు పని చేస్తా ఉంది కదా గిరియప్పా, ఎందుకు కెలుకుతావు? నీ ఫైలు బుధవారం పై ఆఫీసుకు పోతుంది" అన్నారు. మెల్లగానే అన్నారు. నేను సరే సార్ అని బయటికి వచ్చి, తెల్ల కాగితాలు కొనుక్కుని ఇంటికి పోయాను.

కావున నా ప్రార్థన ఏమనగా:

మొదటిది, శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల పాపక్క పేరు మీద ఆ మాట ఎక్కకుండా ఏజెన్సీకి తమరు స్వయంగా ఫోను చేయవలెను. ఉత్తరం రాస్తే చేరేలోపల గడువు దాటిపోతుంది, దయచేసి ఫోనే చేయండి.

రెండవది, గురువారం పొద్దున ఏడు గంటలకు తమరు మా శాఖకు రావలెను. నూట ఎనిమిది పెట్టి చూపిస్తాను. తమ చేత్తోనే తమరు స్విచ్చులు వేయవచ్చును. నా మాట నమ్మనక్కరలేదు, నా మాటకు విలువ లేదని పైన నేనే రాసుకున్నాను.

మూడవది, పాపక్కను పనిలోకి పిలిచి, ఆమె అడిగినట్టే సాక్షిని ఆమె ఎదురుగా నిలబెట్టవలెను. నేను వస్తాను.

నాలుగవది, ఆ గడిలో ఏదో ఒక మాట రాయక తప్పదనుకుంటే నా పేరు పక్కన రాయండి. "చెప్పిన నంబరు పెట్టక యంత్రాన్ని చెడగొట్టెను, చూడనిది చూసినట్టు సంతకం పెట్టెను, తెలిసిన తరువాత ఆరు రోజులు దాచెను." మాటలు నేనే కూర్చి ఇస్తున్నాను, తమరికి శ్రమ ఉండదు.

జతపరిచినవి:
(1) మెమో నకలు.
(2) కౌశల్ పంపిన రౌటరు జాబితా. నూట ఎనిమిది దగ్గర హాజరు మిషను పేరు ఉన్నది, గుర్తు పెట్టాను.
(3) లింగన్న టైములు వేసిన కాగితం, నా నోటుపుస్తకం, పూజ సామాన్ల చీటీ. చీటీ వెనక "210" అని నా చేతిరాతే ఉన్నది.
(4) శ్రీమతి పాపక్క బొటనవేలి ముద్ర, ఈ అర్జీ అడుగున.

ఇందులో నా తప్పు ఎంత ఉన్నదో, ఆమె తప్పు ఏమీ లేదని కూడా అంతే చిత్తగించవలెను.

తమ విధేయుడు (పదో తేదీన ఎవరికి విధేయుడినైనానో పైన చెప్పుకున్నాను),

కె. వెంకటగిరియప్ప

తా.క.: జతపరిచినవాటిలో నాలుగోది కొట్టివేయగలరు.

ఈ సాయంత్రం కవరు అంటించే ముందు అర్జీ తీసుకుని పాపక్క గదికి పోయాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ముక్క వదలకుండా చదివాను. ఆమె చేటలో అవరెకాయలు ఒలుస్తూ విన్నది. నూట ఎనిమిది దగ్గర కొంచెం నవ్వింది. తొమ్మిదో అంశం దగ్గర చేతులు ఆగిపోయినాయి. నేను ఆగకుండా చదివాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

అయిపోయాక అడిగింది. "ఆదివారం నీ గడప కాడ కూర్చుని ఇది నేను అడిగితే, ఆఫీసు సంతకం అన్నావు కదప్పా?"

"అన్నాను."

తిట్టలేదు. తిడితే బాగుండు. నేను సిరా పెట్టె తెరిచి కాగితం ముందుకు జరిపాను. ఆమె చేతులు చీర చెంగుకు తుడుచుకుంది. వేలు పెడుతుందనుకున్నాను. కాయల చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"దీనికి నా వేలు ఎందుకు? ఇది నీది. నాది నేను వేరేగా రాయించుకుంటాను. అంగనవాడి ఆశ టీచరు ఈ రాత్రికే కన్నడలో రాసిస్తానంది, రేపు నేనే పోయి ఆ ఆఫీసులో ఇస్తాను."

ఎప్పుడూ "గిరియన్నా" అనే మనిషి. ఈ సాయంత్రం మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా ఆ పిలుపు రాలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆశ టీచరు రాసిన అర్జీ రేపు తమరికి అందుతుంది. నాదీ రేపే అందుతుంది. రెండూ ఒకే బల్ల మీద పడితే ఏది ముందు తెరవాలా అని చూడకండి అయ్యా. ముందు ఆమెది తెరవండి. నాది ఆగుతుంది.